ముఖాలు పోయిన ఏడాది

ఈ జబ్బు నయమయ్యేది కాదని తేలి, దానితో బతకడం అలవాటయ్యాక రాస్తున్నాను. భయంలో ఉన్నప్పుడు రాసి ఉంటే నలుగురూ అయ్యో అనాలని రాసినట్టుండేది. ఇప్పుడు నాకు ఎవరి అయ్యోలూ అక్కర్లేదు. ఇలాంటిది ఇంకెవరికైనా వస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత తెలివితక్కువగా ప్రవర్తిస్తారో ముందుగా తెలిసి ఉంటే మంచిది. జబ్బు పడ్డ మనిషి అంతకంటే తెలివితక్కువగా ప్రవర్తించగలదని కూడా తెలిసి ఉంటే ఇంకా మంచిది. ఆ రెండోదానికి సాక్ష్యం నేనే.

నల్లగొండలో పానగల్ పోయే దారిలో ఒక బస్తీలో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఇంటర్ మధ్యలో ఆగింది. మిగతా చదువంతా జిల్లా గ్రంథాలయంలో చదువుకున్నాను. పేపర్ల కోసం వచ్చే మగవాళ్ళ మధ్య, పోటీ పరీక్షల పిల్లల మధ్య, బీరువాల ముందు నిలబడి పుస్తకం ఏరుకునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ గర్వమే.

మా కేంద్రంలో పందొమ్మిది మంది పిల్లలు. పొద్దున తల్లులు నాకు అప్పగిస్తారు, సాయంత్రం నేను తల్లులకు అప్పగిస్తాను. పాట తప్పుగా పాడితే మర్నాడు దిద్దుకోవచ్చు. పప్పులో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోయవచ్చు. పిల్లను ఒకరికి బదులు ఇంకొకరి చేతిలో పెట్టడం మాత్రం దిద్దుకునే తప్పు కాదు.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడాది, ఫిబ్రవరిలో, పిల్లలకు అన్నం వడ్డిస్తుండగా తల వెనకభాగంలో గడ్డపార దిగినట్టు నొప్పి వచ్చింది. గదిలో ఎడమవైపు సగం మాయమైపోయింది. అటువైపు కూర్చున్న పిల్లలు ఏడుస్తున్నారు కానీ కనిపించడం లేదు. మా ఆయా సాబిరక్క నన్ను చాప మీద పడుకోబెట్టి మా ఆయనకు ఫోన్ చేసింది. ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. సిమెంటు బస్తాల మధ్య కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్ళాడు.

నాలుగు రోజుల్లో చూపు చాలావరకు తిరిగి వచ్చింది. అంతా సర్దుకుందనుకున్నాం. ఐదో రోజు దవాఖాన వరండాలో చీటీ పట్టుకుని కూర్చున్నాను. ఒక మగమనిషి వచ్చి నన్ను ఆనుకుని కూర్చున్నాడు. జరిగాను. అతనూ జరిగాడు. ఇంకొంచెం జరిగి, వయసు తెలియదా, పక్కన ఆడమనిషి ఉందని కనబడదా అని గట్టిగానే తిట్టాను. వరండా అంతా మా వైపు తిరిగింది. ఆ మనిషి చేతిలో రెండు చాయ్ గ్లాసులు ఉన్నాయి.

"ఏమైందే నీకు? నేనే గదా" అన్నాడు.

గొంతు మా ఆయనది. ముఖం ఎవరిదో. ఆయన అంతకుముందు స్వెటర్ వేసుకుని ఉన్నాడు, చాయ్ తేవడానికి పోతూ విప్పి ఆటోలో పడేశాడు. పదహారేళ్ళ కాపురంలో నా మొగుణ్ణి నేను స్వెటర్‌తో పోల్చుకుంటున్నానని అప్పుడే తెలిసింది.

కళ్ళ డాక్టరు నా కళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడు. టెన్షన్ తగ్గించుకోమని చెప్పి అద్దాలు రాశాడు. బంగారం లాంటి కళ్ళకు అద్దాలెందుకో ఆయన చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం లేకపోయింది. హైదరాబాద్‌లో స్కాన్ తీసిన చోట మాత్రం ఒక చిన్న వయసు డాక్టరమ్మ దొరికింది. చూడటం వేరు, గుర్తుపట్టడం వేరు అని ఆమె చెప్పింది. నా మెదడులో ముఖాన్ని ఒక్కటిగా కలిపే చోట రక్తం ఆగి దెబ్బ తగిలిందని చీటీ వెనక బొమ్మ గీసి చూపింది. నా జబ్బు సంగతి విన్నాక, గదిలోకి వచ్చిన ప్రతిసారీ ముందు తన పేరు చెప్పి, ఆ తర్వాతే మాట్లాడింది. ఆ ఏడాది మొత్తంలో నేనడగకుండా నాకు అందిన మర్యాద అదొక్కటే.

ముఖం ఎలా కనిపిస్తుందని అందరూ అడుగుతారు. కళ్ళు కనిపిస్తాయి. ముక్కు కనిపిస్తుంది. పళ్ళ మధ్య సందు కూడా కనిపిస్తుంది. చేటలో చింతగింజలు పోసుకుని ఒకటి చేతిలోకి తీసుకుంటే దాని నునుపూ, అంచూ, మచ్చా అన్నీ తెలుస్తాయి. దాన్ని తిరిగి చేటలో వేసి తల తిప్పితే అది ఏదో చెప్పలేం. నాకు మనుషులు అలా అయిపోయారు.

అప్పుడు నేను చేసిన మొదటి పని నా చదువును నమ్మడం. గ్రంథాలయంలో కంటి భ్రమల మీద ఒక పాత పుస్తకం చదివి ఉన్నాను. రెండు గీతలు ఒకే పొడవున్నా, చివర్లలో బాణపు కొసలు లోపలికో బయటికో తిప్పి గీస్తే ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా కనిపిస్తాయి. ఆ బొమ్మ చార్టు మీద గీసి పిల్లలకు చూపించి, స్కేలు పెట్టి కొలిచి, వాళ్ళ తల్లుల ముందు గొప్పపడ్డాను కూడా. పానగల్ దారిలో వినాయకుళ్ళు చేసేవాళ్ళ షెడ్డులో ముఖం అచ్చు గోడకు ఆనించి ఉండేది. లోపలికి గుంటగా ఉన్న ఆ అచ్చు కొంచెం దూరం నుంచి చూస్తే ఉబ్బెత్తు ముఖంలాగే కనిపిస్తుంది. అది గుంట అని తెలిసినా, చెయ్యి పెట్టి చూసి వచ్చినా, మళ్ళీ ఉబ్బెత్తుగానే కనిపిస్తుంది. అదంతా నాకు తెలుసు. అయినా నా జబ్బు కూడా ఒక భ్రమేననీ, తెలివితో దాన్ని ఓడించవచ్చనీ అనుకున్నాను. తెలుసుకున్నంత మాత్రాన భ్రమ పోదన్నదే ఆ పుస్తకం చెప్పిన సంగతి. నేను చదివినదంతా గుర్తుంచుకుని, అందులో అసలు మాట వదిలేశాను.

నోటు పుస్తకంలో మా పిల్లల తల్లుల ముఖాలు రాసుకోవడం మొదలుపెట్టాను. రేణుక, గుండ్రటి ముఖం, చెంప మీద మచ్చ. మంగ, కోల ముఖం, దట్టమైన కనుబొమలు. రోడ్డు మీద ఎవరైనా ఎదురైతే ఆ పుటలు తిరగేసేదాన్ని. ఆ మనిషి పలకరించి, నేను తలెత్తకపోతే తిట్టుకుని, మలుపు తిరిగిపోయాక నాకు పుట దొరికేది.

ఉగాది దాకా ఇంట్లోనే ఉన్నాను. పరామర్శకు ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, కానీ చెబుతాను. వచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలో నిలబడి, నేనెవరో చెప్పు చూద్దాం అనేది. జ్వరం వచ్చినవాడిని పరుగెత్తి చూపించమని ఎవరూ అనరు. నాకు మాత్రం రోజుకు నాలుగు పరీక్షలు. తప్పితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు. గొంతు బట్టి చెప్పేస్తే ఇదంతా నాటకమని వంటింట్లో గుసగుస. ఆలేరు నుంచి వచ్చిన మా పెదబాపు ఇంకా తెలివైనవాడు. గొంతు దొరక్కూడదని నోరు మూసుకుని పావుగంట నా ఎదురుగా కూర్చున్నాడు. చుట్ట వాసన మాత్రం మూసుకోలేకపోయాడు. పేరు చెప్పేసరికి ఆయన ముఖం చిన్నబోయిందని అత్తమ్మ తర్వాత చెప్పింది. నాకెలాగూ కనిపించదు.

ఈమధ్య కేంద్రంలో సరుకులు తీసుకునే తల్లులను ఫోను ముందు నిలబెట్టి కళ్ళార్పమంటున్నాం, ముఖం అదే గుర్తుపడుతుందట. అది గుర్తుపట్టకపోతే వెలుతురు బాగా లేదంటారు. నేను గుర్తుపట్టకపోతే పొగరన్నారు.

మందులు ఒకవైపు నడుస్తుండగానే మా అత్తమ్మ నన్ను నార్కట్‌పల్లి అవతలికి తీసుకెళ్ళింది. హైవే పక్కన ఒక ఇంటి గోడకు నీరు దిగి మరక పడింది. ఆ మరకలో అమ్మవారి ముఖం కనిపిస్తుందని జనం వరస కట్టారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, గోడకు అడ్డంగా తాడు. వరసలో ఉన్నప్పుడే అత్తమ్మ నా జబ్బు సంగతి ఇంటావిడకు చెప్పింది. మా వంతు వచ్చింది. అత్తమ్మ దండం పెట్టి, కనబడ్డదా బిడ్డా అని మెల్లగా అడిగింది. నాకు చెమ్మ కనిపించింది. పైన మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కారుతోందేమో చూసుకోమని ఇంటావిడకు చెప్పాను.

"మనుషులే ఆనుతలేరంట నీకు, అమ్మ ఎట్ల ఆనుతది?" అంది ఇంటావిడ.

నా వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. రెండు మచ్చలూ వాటి కింద ఒక గీతా ఉంటే చాలు, మనిషి మెదడు దాన్ని ముఖమే అంటుంది. స్విచ్చు బోర్డులోనూ ముఖమే, లారీ ముందుభాగంలోనూ ముఖమే. అది దాని అలవాటు, పుస్తకంలో ఉంది. తడి గోడలో దేవతను పోల్చుకోవడం వీళ్ళకు భక్తి. ఎదురుగా నిలబడ్డ మనిషిని నేను పోల్చుకోలేకపోవడం వీళ్ళ దృష్టిలో నాటకం. తిరుగు దారిలో అత్తమ్మ బస్సు టికెట్టు కొని, కిటికీ పక్కన చోటు నాకిచ్చి, తను ఎండలో కూర్చుంది. ఆమెను కూడా తిట్టుకుంటూ వచ్చాను కాబట్టి ఈ ముక్క రాయకపోతే అన్యాయం.

ఉగాది తర్వాత ఉద్యోగంలో చేరాను. సూపర్‌వైజరుకు జబ్బు తగ్గిందని చెప్పాను. తల్లులకు ఏమీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే ఎక్కువగా, బస్తీలో చదువుకున్నదాన్నని పేరు తెచ్చుకున్న మనిషిని, చూపు సరిగా ఉండి కూడా ఎదుటి మనిషెవరో తెలియదని ఒప్పుకోవడం నామోషీ. పిల్లలను పోల్చుకోవడం నాలుగు రోజుల్లో అలవాటైంది. పిల్లలు క్షణం నోరు మూయరు కాబట్టి గొంతులు దొరుకుతాయి. తల్లులతోనే చిక్కు. సాయంత్రం గేటు దగ్గర ఎవరమ్మా అని అడిగితే మా ప్రాంతంలో ప్రతి ఆడమనిషీ చెప్పే జవాబు ఒక్కటే, నేనే టీచర్ అని. లోకంలో నేను కానిది ఎవరు?

వారం తిరక్కముందే సాబిరక్క కనిపెట్టింది. దబాయించలేదు. పిల్లలు వెళ్ళిపోయాక గిన్నెలు బోర్లిస్తూ అంది.

"మా తాన పెండ్లిల్లకు పోతే నూరు బుర్ఖాలుంటయి టీచర్. అండ్ల మా చెల్లె ఏదో నాకు దూరంకెల్లే ఎరుకైతది. ముఖం ముఖం అని ఎందుకు ఏడుస్తవు?"

"ఎట్ల ఎరుకైతది?"

"నడక జూస్త. మడిమెలు జూస్త. పిల్లను ఏ చంకన ఎత్తుకుంటదో జూస్త. బట్టలు మాత్రం జూడను. బట్టలు అందరియి ఒక్కటే గదా."

నేను చదివిన పుస్తకాలు వేటిలోనూ ఈ మాట లేదు. ఉంటే బహుశా వినేదాన్ని. ఐదో తరగతి చదివిన ఆయా చెప్పింది కాబట్టి సగమే విన్నాను. నడక నేర్చుకోవడానికి ఓపిక కావాలి, చీర చూస్తే సులువు. మా తల్లులు బుర్ఖాలు వేసుకోరు, ఒక్కొక్కరికి ఉండేవి నాలుగైదు చీరలు. వాటిని పుస్తకంలో రాసుకున్నాను. రేణుకది వెండి అంచు ఉన్న మామిడాకు రంగు చీర.

రేణుక అత్తగారిది నార్కట్‌పల్లి. మొగుడితో పడక, నాకు జబ్బు రాకముందు చలికాలంలో మూడేళ్ళ కూతురు అక్షరను తీసుకుని మా బస్తీలోని తల్లిగారింటికి వచ్చేసింది. తను తప్ప ఎవరొచ్చినా పిల్లను పంపవద్దని నాతో రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ సరేనన్నాను.

ఆగస్టులో సాబిరక్క ఆలేరులో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళింది. ఆ సాయంత్రం తుంపర పడుతోంది, తల్లులు తొందరలో ఉన్నారు. గేటు దగ్గర మామిడాకు రంగు చీర కనిపించింది. ఎవరమ్మా అన్నాను. నేనే టీచర్ అంది, ఆ గోలలో గొంతు పోల్చుకునేంత వినబడలేదు. అక్షర పరుగెత్తి ఆమె కాళ్ళకు చుట్టుకుంది. పిల్లే గుర్తుపట్టింది, ఇంకేం కావాలనుకున్నాను. సంచీ కూడా అందించాను.

పది నిమిషాలకు పసుపు చీర కట్టుకున్న ఒకామె వచ్చింది.

"అక్షరేది టీచర్?"

గొంతు వినగానే రేణుక ఈమె అని అర్థమైంది. మామిడాకు రంగు చీర అనగానే ఆమెకు తెలిసిపోయింది, వచ్చి తీసుకెళ్ళింది అక్షర మేనత్త. అత్తగారింట్లో గృహప్రవేశానికి కూతురికీ కోడలికీ ఒకే రకం చీరలు పెట్టారు. మా వైపు ఏ ఇంట్లోనైనా అదే చేస్తారు, మా అత్తమ్మ నాకూ మా ఆడబిడ్డకూ అలాగే పెట్టింది. ఈ సంగతి తెలిసిన దాన్నై ఉండి చీరను నమ్మాను. ఆమె అబద్ధం కూడా చెప్పలేదు. నేనే అంది. పిల్లకు మేనత్త అంటే ఇష్టం, అందుకే పరుగెత్తింది.

మా ఆయన ఆటో తెచ్చాడు. రేణుక ముందు కూర్చుంది. నేను వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నార్కట్‌పల్లి దాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఆ అరగంటలో నా మెదడు చూపగల ముఖాలన్నీ చూపింది. దారిలో కనిపించిన ప్రతి పిల్లా అక్షరేనేమో అనిపించింది.

పిల్ల నాయనమ్మ ఒళ్ళో కూర్చుని మురుకులు తింటోంది. ఆ ముసలామె చాలా స్థిమితంగా ఉంది. మా పిల్లను మేం ఎత్తుకొచ్చినమా, టీచరే ఇచ్చింది, అడుగుండ్రి అంది. వాకిట్లో చేరిన పదిమందీ నావైపు చూశారు. అవునన్నాను. ఇరుగుపొరుగువాళ్ళు ఇద్దరు పెద్దమనుషులుగా నిలబడి, తల్లి ఏడుస్తోంది పిల్లనివ్వండని చెప్పాక, పొద్దు గూకే ముందు పిల్లను ఇచ్చారు. ఇవ్వకపోయి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆటో దగ్గర రేణుక పిల్లను ఎప్పటిలా కుడి చంకకు మార్చుకుని నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నా దిక్కు జూడు. నేనెవర్ని?"

"నీ గొంతు ఇంటే ఎరుకైతది. ముఖం జూస్తే ఎరుకైతలేదు రేణుకా."

"ఎన్ని దినాల సంది?"

"ఫిబ్రవరి సంది."

నా గడ్డం వదిలేసింది. తర్వాత చాలా మెల్లగా అంది. "అంటే ఇన్ని నెలల సంది నా పిల్లను చీరకిచ్చి పంపుతున్నవన్నట్టు."

మర్నాడే ఆమె పిల్లను మాన్పించి, మెయిన్ రోడ్డు మీద ఒక ప్రైవేటు బడిలో నర్సరీలో వేసింది.

సూపర్‌వైజరు వచ్చి కాగితం ముందు పెట్టింది. మేనత్త మోసం చేసి తీసుకెళ్ళిందని రాయమంది. జబ్బు ముచ్చట రాస్తే నీ ఉద్యోగం పోతది, నా మెడకు చుట్టుకుంటది అని సలహా ఇచ్చింది. ఆ సలహాను దయ అనుకునేంత పిరికిదాన్ని, ఒక రోజంతా. మర్నాడు జరిగింది జరిగినట్టు రాసిచ్చి, తల్లులందరినీ పిలిచాను.

చాప మీద వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. నా చదువు గురించి ఏమీ చెప్పలేదు, అదొక్కటే నేను నేర్చుకున్నది. ఒకామె, మా పోరణ్ణి ఎవనికిస్తవో ఏం ఖాయం అని లేచిపోయింది. ఆమెది న్యాయమైన మాట. ఇద్దరు మాత్రం గబగబా జాగాలు మార్చుకుని, ఇప్పుడు చెప్పు మేమెవరం అని నవ్వారు. పిల్లల్ని కన్న ఆడవాళ్ళు. ఆ వారం ఆరుగురు పిల్లలు తగ్గారు.

మిగిలినవాళ్ళతో కట్టుబాటు చేసుకున్నాం. పిల్లలను తీసుకునేది, అప్పగించేది సాబిరక్క. ఆమె లేని రోజు కేంద్రం తెరవం. వచ్చినవాళ్ళు ఎవరైనా తమ పేరు, పిల్ల పేరు చెప్పాలి. కన్న పిల్లను తీసుకెళ్ళడానికి పేరు చెప్పడమేమిటని తల్లులు మొదట్లో పైట చాటున నవ్వుకున్నారు. ఒక తాత, నేనెవరో బస్తీకంతా ఎరుక అని గేటు దగ్గర చెయ్యి నడుం మీద పెట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు. సాబిరక్క గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది. ఎండ మండింది, పేరు చెప్పాడు. అప్పగింతల వేళ నేను లోపల కూర్చుని రిజిస్టరు రాస్తుంటాను. మొదట్లో అవమానంగా ఉండేది. అవమానం కాదు, నాకు రాని పని నన్ను చేయనివ్వకపోవడం అంతే. పై ఆఫీసు నన్ను ఉంచాలా తీసేయాలా అని ఉత్తరాలు నడిపి, చివరికి ఏదీ తేల్చకుండా ఊరుకుంది.

తర్వాతి జూన్‌లో, బడులు తెరిచిన వారానికి, గేటు దగ్గర ఒకామె పిల్లను చంకనెత్తుకుని నిలబడింది. కుడి చంకన. అప్పటికి సాబిరక్క చెప్పిన మిగతా సగం కూడా నేర్చుకుంటున్నాను. ఆమె నోరు తెరిచే లోపే రేణుక అని తెలిసింది.

ప్రైవేటు బడి గురించి చెప్పింది. గేటు కాడ ఎవరొచ్చినా పిల్లల్ని పంపుతున్నారట. అడిగితే, మాకు అందరూ గుర్తేనమ్మా అంటున్నారట. ఆమె చెబుతుంటే నాకు లోలోపల సంతోషం కలిగింది, సిగ్గులేని సంతోషం. అది నా ముఖంలో తెలిసిపోయి ఉంటుంది.

"నిన్ను నమ్మి రాలేదు టీచర్" అంది రేణుక. "నీకేం రాదో నువ్వు చెప్పినవు. ఆళ్ళకేం రాదో ఆళ్ళు చెప్తలేరు."

అక్షర అప్పటికే కిందికి దిగాలని కాళ్ళు ఆడిస్తూ నావైపు చేతులు చాచింది. నేను ఎత్తుకోలేదు. లోపలికి తిరిగి సాబిరక్కను పిలిచాను. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పేర్లు అడిగి, పిల్లను అందుకుంది. రేణుక అక్కడే నిలబడి అదంతా చూసింది. అప్పుడు సంచీ తీసి, అది కూడా సాబిరక్క చేతికే ఇచ్చి వెళ్ళింది.